సదరం (వైకల్యం) సర్టిఫికెట్ మీద పర్మనెంట్ అని ఉన్నా మళ్ళ టెస్టుకి పోవాల్నా? పెన్షన్ ఆగిపోతదేమో అని భయం

లాలాగూడ_వాసి

అందరికి నమస్తే. ఎవరికన్న కరెక్ట్‌గ తెలిస్తే చెప్పుండ్రి, ఈ మధ్య ఇదే ఆలోచనతోని సరిగ నిద్ర గూడ పడుతలేదు.

నాకు చిన్నప్పుడే పోలియో వచ్చింది, ఎడమ కాలు, తొడ దాక కాలిపర్ (కాలుకు ఆసరాగ కట్టే పట్టీల చట్రం) కట్టుకోని నడుస్త. సదరం క్యాంపు 2011ల అయ్యింది, సర్టిఫికెట్ మీద 64 శాతం, పర్మనెంట్ అని సాఫ్‌గ రాసి ఉన్నది. తార్నాక దిక్కు ఒక జిరాక్స్ సెంటర్‌ల పని చేస్త. పెన్షన్ ఆసరా మొదలైనప్పుడు 2014ల 1500 ఉండె, 2019ల 3016 అయ్యింది, 2023ల 4016 చేసిన్రు. ఎలక్షన్లప్పుడు ఆరు వేలకు పెంచుతమన్నరు, అది ఎప్పుడొస్తదా అని ఎదురు చూసుడు ఒక సంగతి, ఇప్పుడు ఉన్న 4016 ఉంటదా పోతదా అన్నది ఇంకో సంగతి అయి కూసున్నది.

ఎందుకంటే మీసేవల అడిగితే సదరం బంద్ అయ్యింది అన్న, ఇగ అంత యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డే, నువ్వు గూడ చేయించుకో అన్నడు. ఇంటికొచ్చి చూస్తే మా గ్రూపుల ఆంధ్రల పెన్షన్లకు మళ్ళ టెస్టులు పెట్టిన్రు, శాతం తగ్గించి నోటీసులిచ్చిన్రు, ఇక్కడ గూడ గదే చేస్తరట అని మెసేజ్‌ల మీద మెసేజ్‌లు. మా దోస్త్ ఒకడైతే కార్డు కోసం అప్లయ్ చేసినవంటే నీ అంతట నువ్వే పోయి దొరికినట్టు, సప్పుడు చేయకు అంటుండు.

నా భయం ఏందంటే, డాక్టర్ ముందట నాలుగు అడుగులు వేయమంటరు, నేను వేస్త, మంచిగనే వేస్త. కని కాలిపర్‌కి మోకాలు కాడ ఒక లాక్ ఉంటది, అది అరిగితే నడుస్తుంటేనే టక్కున మడతపడి కింద పడతం, గందుకే దాన్ని ఏడాదికి ఒకసారన్న మార్పియ్యాలె, తోలు పట్టీలు చెమటకు కుళ్ళిపోతయ్, బూటు ఆర్డర్ మీద కుట్టియ్యాలె. వర్షం పడ్డనాడు బస్సు ఎక్కలేను, ఆటోనే. 4016 మొత్తం ఈ కాలుకే పోతది, నా జీతం కిరాయికి, తిండికి సరిపోతది. ఆ నాలుగు అడుగులల్ల ఇదంత ఎవలికి కనపడతది? పెన్షన్‌కు కావాల్సిన 40 శాతం కంటే తక్కువ వేస్తే పరిస్థితి ఏంది? యూడీఐడీకి అప్లయ్ చేయాల్నా వద్దా?

మలక్‌పేట_పాతకాపు

తమ్ముడూ, ముందుగాల ఒక ముద్ద తిని పండుకో, తర్వాత ఇది చదువు. నేను చక్రాల కుర్చీల తిరిగేటోణ్ణి, వికలాంగుల సంఘాల పనుల మీద మలక్‌పేట సంక్షేమ భవన్ చుట్టు ఏండ్ల సంది తిరుగుతున్న, గందుకే తెలిసినంత చెప్తున్న.

నీది 2011 సర్టిఫికెట్ అంటే అది 1995 చట్టం కింద ఇచ్చింది. 2016ల కొత్త చట్టం వచ్చింది, 2017 ఏప్రిల్ సంది అమల్లకొచ్చింది, వైకల్యాల రకాలు 21 అయినయ్. అయితే ఆ కొత్త చట్టం రూల్స్‌లనే రాసి ఉన్నది, పాత చట్టం కింద ఇచ్చిన సర్టిఫికెట్ దాని మీద ఎంత కాలం అని ఉంటే అంత కాలం చెల్లుతదని. నీ దాని మీద పర్మనెంట్ అని ఉన్నది. అంటే చట్టం వచ్చింది కాబట్టి నీ కాగితం చెల్లదు అని ఎవరన్న నోటితోని అంటే అది తప్పు. ఈ ఒక్క ముక్క గట్టిగ పట్టుకో.

యూడీఐడీ అంటే అది కార్డు, దేశమంత నడిచే నంబర్. కార్డు చేయించుకునుడు వేరు, వైకల్యం ఎంత అని మళ్ళ కొలిపిచ్చుకునుడు వేరు, ఈ రెండు కలిపి మనోళ్ళు ఆగమైతున్నరు. నాకైతే పాత సదరం వివరాలతోనే కార్డు వచ్చింది, 40 నుంచి 80 లోపు వాళ్ళకు పసుపు రంగు, 80 ఆ పైన నీలం, 40 లోపు తెలుపు, 2024ల రూల్స్ మార్చి ఈ రంగులు పెట్టిన్రు. కార్డు లేకుంటే ముందు ముందు సెంట్రల్ స్కీములకు ఇబ్బందైతది, కాబట్టి సప్పుడు చేయకుండ కూసోమన్న మీ దోస్త్ మాట వినకు. అప్లికేషన్‌ల పాత సర్టిఫికెట్ రెండు దిక్కులా స్కాన్ పెట్టు, పర్మనెంట్ అన్న ముక్క కనపడాలె.

ఇగ గ్రూపుల మెసేజ్ సంగతి. జీవో నంబర్, తేదీ లేని మాట ఏదొచ్చినా ఇంకోళ్ళకు పంపకుండ్రి, చేతులు జోడించి చెప్తున్న, ఆ మెసేజ్ సూసి మా బస్తీల ఒక పెద్దమ్మ బీపీ పెరిగి దవాఖానల పడ్డది.

ఒకవేళ నిజంగనే మళ్ళ టెస్టుకు పిలిచిన్రనుకో, అప్పుడు గూడ నువ్వు ఉత్త చేతులతోని లేవు. రూల్స్ ప్రకారం నీ మాట వినకుండ సర్టిఫికెట్ లేదు అనడానికి లేదు. శాతం నచ్చకుంటే 90 రోజుల లోపల అప్పీల్ పెట్టుకోవచ్చు. చట్టం 24వ సెక్షన్ చదువు, మామూలు స్కీములల్ల ఇచ్చే దానికంటే వికలాంగులకు కనీసం 25 శాతం ఎక్కువ ఇయ్యాలె అని ఉన్నది, ఎందుకంటే నువ్వు రాసినవ్ కదా లాక్, పట్టీలు, బూటు, ఆటో, గీ ఖర్చు వేరేటోళ్ళకు ఉండదు. అది ఎవరో దయతల్చి ఇచ్చేది కాదు. మరి సెంట్రల్ వాళ్ళ ఇందిరా గాంధీ వికలాంగుల పెన్షన్ చూస్తే 80 శాతం ఉన్నోళ్ళకే, అది గూడ నెలకు 300, 2012 సంది గదే 300. రాష్ట్రం ఇచ్చేది ఒక్కటి ఆగిందంటే మిగిలేది ఏందో నువ్వే సూసుకో, అందుకే మనోళ్ళ భయం ఉత్తది కాదు.

ఒంగోలు_టు_కేపీహెచ్‌బీ

ఆంధ్రా సంగతి గ్రూపుల్లో ఏదేదో తిరుగుతోంది కాబట్టి మా ఇంట్లో జరిగింది చెప్తానండీ. అక్కడ 2024 జులై నుంచి దివ్యాంగుల పెన్షన్ 3000 నుంచి 6000 చేశారు, మంచం మీద ఉన్నవాళ్ళకి 15000. అది నిజంగా పెద్ద సాయం, కాదనను. తర్వాత 2025లో మళ్ళీ వెరిఫికేషన్ మొదలెట్టారు, ఆగస్టులో నోటీసులు వచ్చాయి.

మా బాబాయి చీమకుర్తిలో గ్రానైట్ పని చేసేవాడు, కుడి చేతికి బొటనవేలు తప్ప నాలుగు వేళ్ళూ రాయి కింద పోయాయి. పాత సర్టిఫికెట్‌లో 45 ఉంది. కొత్త టెస్టులో 40 కంటే తక్కువ వేశారు. వేళ్ళు అప్పుడూ లేవు ఇప్పుడూ లేవు, మరి శాతం ఎలా తగ్గింది బాబూ అని పిన్ని అడిగితే సమాధానం చెప్పేవాళ్ళే లేరక్కడ. నేను తర్వాత తెలుసుకున్నదేంటంటే కొలిచే గైడ్‌లైన్స్ 2018లో ఒకసారి, 2024లో ఇంకోసారి మారాయి, లెక్క కట్టే పద్ధతి మారితే మనిషి అలాగే ఉన్నా అంకె మారొచ్చు. ఆ మాట ఎదురుగా కూర్చోబెట్టి చెప్పినా కొంత నయంగా ఉండేది. గ్రామ సచివాలయం నుంచి కాగితం తెచ్చి చేతిలో పెట్టి సంతకం చేయమన్నారు, బాబాయి ఎడమ చేత్తో వేలిముద్ర వేశాడు.

ఊళ్ళలో పెద్ద గొడవైంది, ధర్నాలు జరిగాయి, అప్పీలు పెట్టుకోండి అన్నారు, మేమూ పెట్టాం, పెన్షన్ మాత్రం ఆగలేదు, వస్తూనే ఉంది. కానీ ప్రతి నెలా ఒకటో తారీఖు తెల్లారేసరికి మా పిన్ని గుమ్మంలోనే నిలబడుతోంది, వస్తారా రారా అని. డబ్బులు వచ్చాయి కదా ఇంక బాధేంటి అనేవాళ్ళకి ఇది అర్థం కాదు.

అన్నగారూ మీకు నా సలహా ఒకటే, నోటీసు వస్తే దాని మీద తేదీ చూసుకుని వెంటనే ఫొటో తీసి పెట్టుకోండి. అప్పీలు గడువు ఆ తేదీ నుంచే లెక్క.

రాంనగర్_2బీ

నేను వేరేలా ఆలోచిస్తున్నా, తప్పుగా అనుకోవద్దు. మా అత్తగారి ఊళ్ళో ఒకతను బండి నడుపుతాడు, పొలం పనికి వెళ్తాడు, వికలాంగుల పెన్షన్ తీసుకుంటాడు, ఊరందరికీ తెలుసు, సర్టిఫికెట్‌కి బ్రోకర్‌కి డబ్బులు ఇచ్చాడని వాడే చెప్పుకుంటాడు. పక్కింట్లో నిజంగా నడవలేని ముసలాయనకి రాలేదు. మరి చెక్ చేయకపోతే ఎట్లా? నిజమైన వాళ్ళకి భయం ఎందుకు?

చెవి_మిషన్

రాంనగర్ అన్నా, మీరు కోపంగా రాయలేదు కాబట్టి నేనూ ప్రశాంతంగానే చెప్తా.

నాకు రెండు చెవులూ దాదాపు వినపడవు. చూస్తే ఎవరికీ తెలీదు. బండి నేనూ నడుపుతా. మా కాలనీలో కొత్తగా వచ్చినవాళ్ళు ఈయనకి ఏం తక్కువ, పెన్షన్ ఎందుకు అనుకున్నారని మా ఆవిడ చెప్పింది. మీ అత్తగారి ఊరి మనిషి దొంగ కావచ్చు, నాకు తెలీదు, కానీ ఊరందరికీ తెలుసు అనేది టెస్టు కాదు. మా విషయంలో ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేస్తారు, అనుమానం వస్తే బెరా చేస్తారు, తలకి వైర్లు పెట్టి మెదడు స్పందన చూస్తారు, అందులో నటించడానికి ఉండదు. కాబట్టి టెస్టు అంటే నాకు భయం లేదు.

భయం దేనికంటే, పిలుపు వస్తుంది ఫోన్‌లో. నాకు ఫోన్ వినపడదు! క్యాంపులో పేరు అరిచి పిలుస్తారు. నాకు వినపడదు. ఒకసారి నేను బెంచీ మీద కూర్చునే ఉన్నా, నా పేరు పిలిచారట, రాలేదని పక్కన పెట్టేశారు, సాయంత్రం అడిగితే ఆబ్సెంట్ అన్నారు. చెవిటివాళ్ళ క్యాంపులో పేరు అరిచి పిలవడం ఏంటని అక్కడ ఎవరికీ అనిపించలేదు. ఇలా ఆబ్సెంట్ పడినవాళ్ళు కూడా రేపు లెక్కల్లో అనర్హుల కిందే కనిపిస్తారు. నిజమైన వాళ్ళకి భయం ఎందుకు అన్నారు కదా, ఇందుకు.

డబ్బు తీసుకుని దొంగ సర్టిఫికెట్ ఇచ్చింది ఒక బ్రోకర్, సంతకం పెట్టింది ఒక డాక్టర్. ముందు ఆ ఇద్దరినీ పట్టుకుంటే వాళ్ళ చేతి మీదుగా వెళ్ళిన కాగితాలన్నీ బయటపడతాయి. దానికి బదులు కాళ్ళు లేనివాళ్ళని, కళ్ళు లేనివాళ్ళని మళ్ళీ లైన్లో నిలబెట్టడం న్యాయం కాదు, ఈ మాట మాత్రం గట్టిగానే అంటా.

రాంనగర్_2బీ

పేరు అరిచి పిలవడం సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు బ్రదర్. టోకెన్ నంబర్ స్క్రీన్ మీద వేస్తే సరిపోయేది కదా, బ్యాంకుల్లో వేస్తున్నారు. చెకింగ్ ఉండాలనే నేను ఇప్పటికీ అంటా, కానీ మీరు చెప్పిన బ్రోకర్, డాక్టర్ దగ్గర మొదలుపెట్టాలనే దానికి నేనూ ఒప్పుకుంటున్నా.

ఈసీఐఎల్_అమ్మ

నేను ఎప్పుడూ చదివి వెళ్ళిపోతాను, ఈసారి రాయకుండా ఉండలేకపోయాను. మా బాబుకి 21 ఏళ్ళు, సెరిబ్రల్ పాల్సీ, మాటలు రావు, బుద్ధి ఎదుగుదల కూడా తక్కువ. మీరంతా టెస్టు గురించి మాట్లాడుతున్నారు, మాకు టెస్టు కంటే ముందే గుమ్మం దగ్గరే ఆగిపోతుంది అసలు.

వాడి చేతులు ఎప్పుడూ పిడికిలి బిగించే ఉంటాయి. వేలిముద్ర కోసం నేను ఒక్కో వేలూ మెల్లగా విప్పి మిషన్ మీద పెడతాను, పెట్టగానే మళ్ళీ ముడుచుకుపోతుంది, వాడికి నొప్పి, అరుస్తాడు, లైన్లో అందరూ చూస్తుంటారు. కంటిపాప తీద్దామంటే చూపు ఒకచోట నిలవదు. ఇప్పుడు మొహం ఫొటోతో చేస్తున్నారు అన్నారు, హమ్మయ్య అనుకున్నాను, కానీ కెమెరా వైపు చూడాలి, కదలకూడదు, కళ్ళు ఆర్పాలి అంటుంది. తల ఆడుతూనే ఉండే పిల్లాడికి ఆ మాట ఎలా చెప్పను? ఆధార్‌లో ఇలాంటివాళ్ళకి బయోమెట్రిక్ మినహాయింపు ఉంది, అది చేయించాం, అయినా కౌంటర్‌లో కూర్చున్న కొత్త అబ్బాయికి ఆ సంగతి తెలీకపోతే మళ్ళీ మొదటికే.

ఒక మంచి విషయం, 2025 ఏప్రిల్ 30న సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చింది, కళ్ళు ఆర్పలేని యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివాళ్ళు వేసిన కేసుల్లో. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమే, ఈ కేవైసీలు (మనిషి గుర్తింపు తనిఖీలు) వికలాంగులు కూడా చేసుకునేలా మార్చండి అని వరసగా ఆదేశాలు ఇచ్చింది. నేను ఆ తీర్పు ప్రింట్ తీసి బాబు ఫైల్‌లో పెట్టాను. ఎక్కడైనా కళ్ళు ఆర్పమంటే అదే చూపిస్తాను.

చిన్నపిల్లల తల్లులు ఎవరైనా ఇది చదువుతుంటే, బుద్ధిమాంద్యం సర్టిఫికెట్ పిల్లలకి అయిదేళ్ళ వయసులో, పదేళ్ళ వయసులో, 18 ఏళ్ళప్పుడు రెన్యూ చేయించాలి, 18 నిండాక ఇచ్చేది జీవితకాలం. టెంపరరీ అని రాసిందని కంగారు పడకండి, గడువు తేదీ మాత్రం క్యాలెండర్‌లో రాసుకోండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఆరోగ్య ఇన్సూరెన్స్ ఉంది, ఏడాదికి లక్ష దాకా, థెరపీకి కూడా ఇస్తారు, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్ళకి. బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ (బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ కోసం జాతీయ సంస్థ) ఉంది కదా, అక్కడ పేరెంట్స్‌ని అడిగితే దారి చెప్తారు, నాకు దాని సంగతి అక్కడ ఒక తల్లే చెప్పింది.

నా భయం నాకుంది. నేను ఉన్నంతకాలం ఈ లైన్లలో నేనే నిలబడతాను. రూల్ మారినప్పుడల్లా కొత్తగా వాణ్ణి తీసుకొచ్చి చూపించండి అంటే, నా తర్వాత ఎవరు తీసుకొస్తారు? రూల్స్ రాసేవాళ్ళు ఈ ఒక్క ప్రశ్నకి జవాబు రాసి, మిగిలినవి తర్వాత రాసుకోమనండి.

చెల్లి_లెస్టర్‌లో

అక్కా మీరు రాసింది మా చెల్లికి చదివి వినిపించాను, ఏడ్చేసింది. నేను ఉండేది సైనిక్‌పురి, చెల్లి ఇంగ్లండ్‌లో ఉంటుంది, తనకి మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు, ఒకరోజు బాగుంటుంది ఒకరోజు గ్లాసు కూడా పట్టుకోలేదు. అక్కడ పిప్ అని వికలాంగులకి ఇచ్చే భత్యం ఉంది, అందులో వంట, స్నానం, బట్టలు వేసుకోవడం లాంటి పనులకి పాయింట్లు వేస్తారు. 2025 మార్చిలో అక్కడి ప్రభుత్వం ఒక ప్రతిపాదన పెట్టింది, మొత్తం పాయింట్లు సరిపోవడం ఒక్కటే చాలదు, ఏదో ఒక్క పనిలోనే నాలుగు పాయింట్లు రావాలి అని. చెల్లికి అన్నింట్లో రెండేసి వస్తాయి. అంటే అన్ని పనులూ కష్టమే, కానీ ఏదీ చాలినంత కష్టం కాదు అన్నట్టు! జులై 1 దాకా దాని ఫోన్లన్నీ ఇవే మాటలు. ఆ రోజు పార్లమెంట్‌లో సొంత పార్టీ ఎంపీలే ఎదురు తిరిగితే ఆ ముక్క బిల్లులోంచి తీసేశారు, పిప్ మొత్తాన్ని వికలాంగులతో కలిసి రివ్యూ చేస్తాం అన్నారు.

అక్కడి రూల్స్ ఇక్కడ పనికిరావు, తెలుసు. అక్కడ వాళ్ళు ఎంపీలకి ఉత్తరాలు రాశారు, తమ రోజు ఎలా గడుస్తుందో ఒక్కొక్కరూ రాశారు. లాలాగూడ అన్న కాలిపర్ లాక్ గురించి రాసినట్టే. ఆ పేరా అలాగే ప్రింట్ తీసి మీ ఎమ్మెల్యేకి ఇవ్వండి అన్నా, నిజంగా చెప్తున్నా.

లాలాగూడ_వాసి

అందరికి మస్తు థ్యాంక్స్, ఇంత మంది రాస్తరని అనుకోలే. ఈసీఐఎల్ అమ్మా, మీది చదివినంక నా బాధ నాకే చిన్నగ అనిపిచ్చింది. పాతకాపు అన్నా, యూడీఐడీకి అప్లయ్ చేస్త. ఒక డౌట్, ఒకవేళ క్యాంపుకే పిలిస్తే కాలిపర్ ఏసుకోని పోవాల్నా ఇడిసి పోవాల్నా? మా దోస్త్ ఇడిసిపో, శాతం ఎక్కువొస్తది అంటుండు. నాకు గట్ల చేయ బుద్ధైతలేదు.

మలక్‌పేట_పాతకాపు

ఏసుకోనే పో తమ్ముడూ, అది నీ కాలు లెక్క. లోపలికి పోయినంక డాక్టరే ఇడిపిస్తడు, కండల బలం, కీలు ఎంత వంగుతది, కాలు పొడుగు ఎంత తక్కువ, ఇవి చేత్తోని పట్టి టేపుతోని కొలవాలె, గది పద్ధతి. నాలుగు అడుగులు చూసి రాసి పంపిస్తే మాత్రం ఊకోకు, సార్ మీరు కాలు చూడలే అని అక్కడనే అను, మర్యాదగ అను, కని అను. పాత ఎక్స్‌రేలు, సర్జరీ అయ్యుంటే ఆ కాగితాలు, కాలిపర్ రిపేర్ బిల్లులు అన్ని ఒక ఫైల్‌ల పెట్టుకో, ఒరిజినల్ ఎవ్వలి చేతికి ఇయ్యకు, జిరాక్స్ నీ దగ్గరనే ఉన్నది కదా.

ఒకవేళ పెన్షన్ ఆగితే ముందు కలెక్టరేట్ ప్రజావాణిల అర్జీ ఇయ్యి, సోమవారం ఉంటది. ఎందుకు ఆపిన్రో ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) కింద అడుగు, పది రూపాయల ఖర్చు, 30 రోజులల్ల జవాబియ్యాలె. వకీలు కావాలంటే పైసలు పెట్టనక్కర లేదు, లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షన్ కింద వికలాంగులకు ఫ్రీ, పురానీ హవేలీ సిటీ సివిల్ కోర్టుల లీగల్ సర్వీసెస్ ఆఫీసు ఉన్నది, ఆడ దరఖాస్తు పెడితే వకీలును ఇస్తరు. ఈసీఐఎల్ అమ్మా, మీ బాబు లెక్క తన అంతట తాను అప్పీల్ చేయలేనోళ్ళ తరఫున గార్డియన్ ఆ అప్పీల్ పెట్టొచ్చని గూడ రూల్ ఉన్నది, మీరు గార్డియన్‌షిప్ కాగితం తీసుకోకుంటే నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ కమిటీకి ఇప్పుడే పెట్టుండ్రి, మీ తర్వాత ఎవరన్నది గూడ ఆ కమిటీ ముందట్నే అడగవచ్చు, మీ సందేహానికి పూర్తి జవాబు కాకపోయినా మొదలు అక్కడ్నే.

చెవి మిషన్ తమ్మీ, నువ్వు చెప్పిన పేరు పిలిచే సంగతి మా సంఘం తరఫున రాసి ఇస్తం, టోకెన్ బోర్డు పెట్టాలె, ఫోన్‌తోపాటు మెసేజ్ గూడ పంపాలె అని. నీలాగ ఆబ్సెంట్ పడ్డోళ్ళు ఇంకెవరన్న ఉంటే ఇక్కడ రాయుండ్రి, ఏ నెలల అయ్యింది, మళ్ళ స్లాట్ ఇచ్చిన్రా లేదా, ఈ రెండు చాలు, పేర్లు వద్దు. ఇంకొకటి లాలాగూడ తమ్ముడూ, ఏ అర్జీ ఇచ్చినా రసీదు మీద తేదీ స్టాంపు పడ్డదాక కౌంటర్ కాడి నుంచి కదలకు.